పంటితో పట్టిన వల

"జాలరి నోట్లోకి వల దూరుతోంది. చూడడానికి అసహ్యంగా ఉంది. వెంటనే సరిచేయండి."

సముద్రాల అవతల కూర్చున్న ఒకాయన ఈ మూడు ముక్కలు ఇంగ్లీషులో రాసి పంపిండు. ఆటలో తప్పులు పట్టుడే ఆయన పని. వాటిని చదివినోడు ఇబ్రహీంపట్నం శివయ్య కొడుకు ఎల్లేష్. మాదాపూర్‌లో ఒక గేమ్ కంపెనీ ఆరో అంతస్తులో, ఏసీ చలికి స్వెటర్ ఏసుకొని కూర్చున్నోడు, రెండుసార్లు చదివి పక్క కుర్చీ దిక్కు తిరిగిండు.

"ఉజ్వలక్కా, ఇగో చూడు. మా బాపు తప్పంట."

ఉజ్వలది మీర్‌పేట్. ఆటలో మనుషులు ఎట్ల నడవాలె, ఎట్ల వంగాలె అనేది ఆమె బొమ్మలకు నేర్పుతది. తెర మీదికి తొంగి చూసి, "మీ బాపు తప్పు కాదురా. మీ బాపు నోరు తప్పంట," అన్నది.

ఇద్దరూ నవ్విండ్రు. నవ్వినంక ఎల్లేష్‌కు కోపమొచ్చింది.

ఎందుకంటే అది తప్పు కాదు. విసురు వల పట్టినోడెవడికైనా తెలుసు. మనిషికి దేవుడు రెండు చేతులే ఇచ్చిండు, విసురు వలకు మూడు కావాలె. వల అంచు పొడుగునా సీసం గుండ్లుంటయి. సగం వల ఎడమ చేతి మీద మడతలేసుకోవాలె, సగం కుడి చేత పట్టాలె, అంచును ఒక్క కాడ పండ్లతోని కరిచి పట్టాలె. నడుము తిప్పి విసిరినప్పుడు చేతులు రెండూ వదిలినంక, రెప్పపాటు ఆగి, పండ్లు వదలాలె. అప్పుడే వల పళ్లెం లెక్క గుండ్రంగా విచ్చుకుంటది. ముందు వదిలితే మూట లెక్క పడ్తది. ఆలస్యమైతే పన్ను ఊడ్తది. శివయ్యకు ముందటి పన్ను ఒకటి లేదు. పదహారేండ్ల వయసులో ఈ లెక్క నేర్చుకున్న గుర్తు అది.

ఆ రెప్పపాటును ఆటలోకి ఎక్కించడానికి ఎల్లేష్‌కు ఏడు నెలలు పట్టింది. దాన్నే తీసెయ్యమంటున్నరు.

*

సాగర్ రోడ్డు మీద పొద్దుగాల తిరిగే పసుపు బస్సులన్నీ ఇంజనీరింగ్ కాలేజీలవే. ఇబ్రహీంపట్నం చుట్టూ అన్ని కాలేజీలున్నయి. అట్లాంటి ఒక కాలేజీలోనే ఎల్లేష్ చదివిండు. చదివినంక తోటోళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేర్, దవాఖాన సాఫ్ట్‌వేర్ అని పోతే, ఈయన గేమ్ కంపెనీకి పోయిండు. చిన్నప్పటి నుంచి నీళ్లను చూసుడంటే పిచ్చి. రాయి పడితే అల ఎట్ల లేస్తది, తాడు తడిస్తే ఎట్ల బరువెక్కుతది, బట్ట గాలికి ఎట్ల కొట్టుకుంటది, ఇవన్నీ లెక్కల్లో రాసి తెర మీద కదిలించే పని ఉంటదంటే, ఎగిరి గంతేసిండు.

ఇంట్లో చెప్తే తల్లి బాలనర్సమ్మ, "ఆటలాడితే జీతమిస్తరా బిడ్డా?" అన్నది.

"ఆడుడు కాదమ్మా, చేసుడు."

చేపల సొసైటీ పెద్ద రాంచంద్ర అప్పుడు ఆ ఇంట్లోనే కూర్చొని చాయ తాగుతున్నడు. "గేమంటే ఏంది, ఫోన్ల రమ్మీయా? మా అల్లుడు గట్లనే ఆగమైండు. జర చూస్కో శివయ్యా," అన్నడు. అప్పటి నుంచి చెరువు కట్ట మీద ఎల్లేష్ పేరు రమ్మీ ఇంజనీర్.

కంపెనీ పేరు ఇక్కడ చెప్పి దానికి ఉత్తపుణ్యానికి ప్రచారం చేసేది లేదు. చేరిన నాడే పదిహేడు పేజీల కాగితం ముందర పెట్టిండ్రు. చేస్తున్న ఆట పేరు కన్నతల్లికి కూడ చెప్పొద్దు, ఆట బయటికి వచ్చేదాక నోరు మూసుకోవాలె, అని అందులో ఉంది. ఎల్లేష్ సంతకం పెట్టిండు. మూడేండ్లు చెప్పలేదు. ఒకసారి తుర్కయాంజాల్ నుంచి పిల్లను ఇస్తమని వచ్చినోళ్లు, "ఏం పని జేస్తవ్ బాబూ?" అని అడిగిండ్రు.

"ఆట చేస్తున్న."

"ఏం ఆట?"

"చెప్పొద్దు."

"చెప్పొద్దంటే ఏంది? దొంగతనమా?" అని లేచిపోయిండ్రు. బాలనర్సమ్మ పెట్టిన బూరెలు కూడ ముట్టలేదు.

కంపెనీలో ఇంకొక మాట రోజూ చెప్తరు. ఇది ఉద్యోగం కాదు, ఇష్టం. ఎల్లేష్ టీమ్‌కు పెద్ద రోహన్ ఆ మాటను గోడ మీద రంగుల అక్షరాలతో రాయించిండు కూడ. ఇష్టం అంటే ఏందో ఎల్లేష్‌కు మెల్లగా అర్థమైంది. ఆదివారం రమ్మంటే ఎందుకని అడగొద్దు, అది ఇష్టం. నాలుగు నెలలు కష్టపడి వాన కురిపిస్తే, ఆట చేయించుకునే అవతలి దేశపు క్లయింట్ వచ్చి ఈ కథలో వాన వద్దంటే నవ్వి చెరిపెయ్యాలె, అది ఇష్టం. కుడి చేతి మణికట్టు వాచి, చాయ గ్లాసు పట్టుకోరాకుండా అయితే పట్టీ కట్టుకొని టైపు చెయ్యాలె, అది మస్తు ఇష్టం. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు పోయిన తోటోన్ని ఎవడూ నీకు బ్యాంకంటే ఇష్టమా అని అడగలేదు. వాడు ఆరింటికి బ్యాగు సర్దుకొని పోయిండు.

*

అయినా ఎల్లేష్ ఉన్నడు. ఎందుకున్నడో తెలియాలంటే అంతకు ముందటేడు డిసెంబర్‌లో ఒక ఆదివారం సంగతి చెప్పాలె.

ఆటలో ఒక ముసలి జాలరి ఉన్నడు. కథంతా ఆయన చుట్టే. వల ఎట్ల విసరాలెనో కంపెనీలో ఎవరికీ తెలియదు. క్లయింట్ పంపిన నమూనాలో ఆ ముసలాయన వలను దుప్పటి దులిపినట్టు దులుపుతున్నడు. ఎల్లేష్ అది చూసి ఆగలేక, "సార్, మా బాపును చూపిస్త," అన్నడు. రోహన్ సరే అన్నడు. శివయ్యతో ఒక కాగితం మీద సంతకం చేయించుకొని రమ్మన్నడు, నా కదలికలను వాడుకోవచ్చు, నాకే అభ్యంతరం లేదు అని.

ఉజ్వల రెండు ఫోన్లు, రెండు స్టాండ్లు పట్టుకొని వచ్చింది. చెరువు కట్ట కింద శివయ్య భుజాలకు, మోచేతులకు, నడుముకు తెల్ల చుక్కలు అతికిస్తుంటే ఆయన కిందికీ మీదికీ చూసుకొని, "ఏంది బిడ్డా, నన్ను బోనం కుండ లెక్క తయారు జేస్తున్నవ్? నెత్తిన దీపం గూడ పెడ్తవా?" అన్నడు.

"కదలకు బాపూ, చుక్క ఊడ్తది," అన్నది ఉజ్వల.

"కదలకుంట వల ఎట్ల ఇసరాలె? నువ్వే చెప్పు."

నలభై ఒక్కసారి విసిరిండు శివయ్య. ప్రతిసారి వల గాలిలో విచ్చుకొని, నీళ్ల మీద చప్పుడు లేకుండా దిగింది. కట్ట మీద జనం పోగైండ్రు. రాంచంద్ర కూడ వచ్చి, "గిదేం షూటింగ్ శివయ్యా? హీరోయిన్ ఏది?" అని అడిగితే, శివయ్య వల దులుపుతూ, "ఇంట్ల పులుసు పెడ్తుంది," అన్నడు.

ఆ మధ్యాహ్నం రవ్వ చేప పులుసుతో అన్నం తింటున్నప్పుడు ఎల్లేష్ ఆ మాట అన్నడు. "బాపూ, ఆట అయిపోయినంక చివర్ల పేర్లు పడ్తయి. సినిమా అయిపోయినంక పడ్డట్టే. దాంట్ల నా పేరు పడ్తది. నీ పేరు గూడ ఏపిస్త. శివయ్య, ఇబ్రహీంపట్నం అని."

"నా పేరెందుకురా?"

"వల నీది గదా."

శివయ్య ముల్లు తీసి పళ్లెం పక్కకు పెట్టిండు. గానీ సాయంత్రంకల్లా కట్ట మీద ఒక్కడు మిగలకుండా అందరికీ తెలిసిపోయింది. ఏ ఛానల్ల వస్తది అని అడిగినోళ్లకు శివయ్య, "ఛానల్ కాదు, దునియా అంత వస్తది," అని చెప్పిండు.

శివయ్యకు పేరు అంటే లెక్క ఉంది. అందరూ కలిసి తాళ్లతో గుంజే లాగుడు వల దింపిన నాడు, వచ్చిన చేపలను తాటిపత్రి కవర్ మీద కుప్పలు పోస్తరు. ఇంటికొక కుప్ప. రాంచంద్ర పుస్తకం తెరిచి ఒక్కొక్క పేరు పిలుస్తడు, పిలిచినోడు "ఉన్న" అని కుప్ప ఎత్తుకుంటడు. అందులో మొట్టమొదటి కుప్ప వల కుట్టినోనిది. వాడు నీళ్లలో దిగకపోయినా సరే, జ్వరమొచ్చి ఇంట్లో పండుకున్నా సరే, వాని పేరు పిలవాల్సిందే. వాడు లేకపోతే పక్కింటోడు "ఉన్నడు" అని చెప్పి కుప్ప ఇంటికి మోసుకపోవాల్సిందే. తాతల కాలం నుంచి అంతే. దీనికి పదిహేడు పేజీల కాగితమేం లేదు.

*

నోట్లో వల తప్పు కాదని ఎల్లేష్ వారం రోజులు కొట్లాడిండు. రోహన్ మొదటి రోజు, "క్లయింట్ అడిగిండు, తీసెయ్ యార్. దీనికి ఇంత ఫీలింగ్ ఎందుకు?" అన్నడు. ఎల్లేష్ శివయ్య వీడియోను నెమ్మదిగా తిప్పి, పండ్లు వదిలే రెప్పపాటును ఆపి, దాని మీద గీతలు గీసి పంపిండు. చివరికి అవతలోళ్లకు ఎక్కింది. ఎంత ఎక్కిందంటే, ఆట ప్రచారం కోసం చేసిన రెండు నిమిషాల వీడియో ఆ విసురుతోనే మొదలైంది. జాలరి నోట్లో సీసం గుండు, మెడ మీద నరం, వల విచ్చుకునుడు.

ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టిండ్రు. మరునాడు అవతలి కంపెనీ పెద్దాయన ఒకాయన ఇంటర్వ్యూ ఇచ్చిండు. "నేను ప్రపంచమంతా తిరిగి జాలరులను గమనించాను" అని. ఆయన ఇబ్రహీంపట్నం ఎన్నడొచ్చిండో, ఎవరింట్లో పులుసు తాగిండో ఎవరికీ తెలియదు.

"చివర్ల పేర్లు పడ్తయి గదా. గప్పుడు తెలుస్తది," అన్నడు ఎల్లేష్. ఉజ్వల తన తెర దిక్కు తిరిగింది. ఆమెకు ఇది నాలుగో ఆట.

జనవరి నుంచి ఆఖరి పరుగు అని మొదలు పెట్టిండ్రు. వారానికి ఆరు రోజులు, ఫిబ్రవరి నుంచి ఏడు. ఇబ్రహీంపట్నం నుంచి షేర్ ఆటోలో ఎల్‌బీ నగర్, ఆడికెళ్లి మెట్రో, అమీర్‌పేటలో మారుడు. రాను పోను నాలుగు గంటలు. దొంగతనంగా ఎవరన్నా ఫొటో తీస్తరని, గేటు కాడనే ఫోన్లు గుంజుకొని డబ్బాలో పెట్టి తాళమేసుడు కూడ అప్పుడే మొదలైంది.

మార్చిలో ఒక మంగళవారం పొద్దున తూము మెట్ల మీద పాచికి కాలు జారి శివయ్య పడ్డడు. కుడి భుజం కిందికి జారిపోయింది. బాలనర్సమ్మ కొడుక్కు పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఫోన్ డబ్బాలో మోగుతనే ఉంది. చివరికి రాంచంద్రనే తన ఆటోలో ఎక్కించుకొని దవాఖానకు తీస్కపోయిండు. సాయంత్రం గేటు కాడ ఫోన్ చేతికొచ్చినంక ఎల్లేష్ చూసి, మెట్లు దిగుతూనే తల్లికి ఫోన్ కలిపిండు.

"ఇప్పుడు ఎందుకు చేసినవ్ రా?" అన్నది బాలనర్సమ్మ. "కట్టు గట్టిండ్రు, అన్నం తిన్నడు, పండుకున్నడు. నువ్ నీ ఆట ఆడుకో."

ఆ మాట ఎల్లేష్‌కు ఇప్పటికీ గొంతులో ముల్లే.

డాక్టర్ స్పష్టంగా చెప్పిండు. భుజం కుదురుకుంటది గానీ, వల విసురుడు ఇక బంద్. శివయ్య విని తల ఊపిండు. ఇంటికొచ్చినంక కొడుకును దగ్గరికి పిలిచి, "గా వీడియోల నేను ఇసిరింది మంచిగనే వచ్చింది గదా?" అని అడిగిండు.

"మస్తు వచ్చింది బాపూ."

"అయితే గది ఉంటది తీ."

శివయ్య విసురు ఇక మీద ఎక్కడైనా ఉందంటే ఆ ఆటలోనే ఉంది. చూసినోడికి అది ఎవరి విసురో తెలియాలంటే చివర్లో పేరు పడాలె. ఎల్లేష్ మార్చి, ఏప్రిల్ మొత్తం ఆ ఒక్క మాట కోసం పని చేసిండు.

*

ఆట బయటికి వచ్చుడుకు తొమ్మిది రోజుల ముందు, ఇరవై రెండు మందిని పెద్ద గదిలోకి పిలిచిండ్రు. వల పని అయిపోయింది, నీళ్ల పని అయిపోయింది, గాలి పని అయిపోయింది. ఆ పనులు చేసినోళ్ల పని కూడ అయిపోయింది. రోహన్ ల్యాప్‌టాప్ తెర మీది నుంచి కండ్లెత్తకుండా చదివిండు. మీ ఇష్టానికి కృతజ్ఞతలు, కంపెనీ దిశ మారుతోంది, ఈ రోజే చివరి రోజు. ఎల్లేష్ జీతం గురించి అడగలేదు. వేరే కొలువు గురించి అడగలేదు.

"సార్, పేర్లు?"

"ఏం పేర్లు?"

"ఆట చివర్ల పడే పేర్లు."

రోహన్ మొహం తుడుచుకున్నడు. "రిలీజ్ రోజున కంపెనీలో ఎవరుంటే వాళ్ల పేర్లే పడతాయి. క్లయింట్ రూల్ అది. నా చేతిలో ఏం లేదు."

"తొమ్మిది రోజులు సార్. మూడేండ్లు చేసి తొమ్మిది రోజులకు పేరు పోతదా?"

"రూల్ ఎల్లేష్."

"మరి మా బాపు పేరు?"

"ఆయన ఎంప్లాయీ కాదు కదా."

ఎల్లేష్‌కు ఇంత పచ్చిగా ఎట్ల మాట్లాడ్తరో అర్థం కాలేదు. సంతకం కావాల్సి వచ్చినప్పుడు శివయ్య కావాలె. పేరు రాయాల్సి వచ్చినప్పుడు శివయ్య ఎవ్వరు? ఆ ఇరవై రెండు మందిలో ఒకామె నిండు గర్భిణి. ఒకాయన ఆ ముందు ఆదివారమే పెండ్లి చేసుకొని సోమవారం పనికి వచ్చినోడు. అందరూ బయటికొచ్చి లిఫ్ట్ ఎక్కేసరికే వాళ్ల కార్డులు పనిచేయకుండా పోయినయి. గేటు తెరిపియ్యడానికి సెక్యూరిటీ ఆయన తన కార్డు పెట్టాల్సొచ్చింది. లోపలోడు బయటికి పోవడానికి కూడ వేరేవాని దయ కావాల్సి వస్తే, దాన్ని ఇష్టమని ఎట్ల అంటరో గోడ మీద రాయించినోడే చెప్పాలె.

ఇంట్లో ఎల్లేష్ సెలవు పెట్టిన అని చెప్పిండు.

ఆట బయటికొచ్చిన నాడు ఉజ్వల ఫోన్ చేసింది. ఆమెను ఇంకా ఉంచిండ్రు. "చివరి పేర్ల వీడియో నీకు పంపుతున్న రా. నేను చూసిన. నువ్ చూడకుంటే మంచిది," అన్నది.

ఎల్లేష్ మిద్దె మీద నీడలో కూర్చొని మొత్తం చూసిండు. ఇరవై నిమిషాలు. వేల పేర్లు. ఆఫీసులకు భోజనం పంపినోళ్ల పేర్లున్నయి, అది మంచిదే. అవతలి పెద్దలకు ఆ మూడేండ్లలో పుట్టిన పిల్లల పేర్లున్నయి. వాళ్ల పెంపుడు కుక్కలు రెండింటి పేర్లున్నయి, పక్కన చిన్న పంజా గుర్తుతో సహా. ఇరవై రెండు మందిలో ఒక్కని పేరు లేదు. వల పట్టినోని పేరు లేదు.

కింద నుంచి శివయ్య కేకేసిండు. "ఆట వచ్చిందా ఇంక?"

"ఇంకా రాలేదు బాపూ," అన్నడు ఎల్లేష్. మూడేండ్లు కంపెనీ కోసం నోరు మూసుకున్నడు. ఇప్పుడు సిగ్గుకు మూసుకున్నడు. సిగ్గుపడాల్సినోడు ఎవడో, పడ్డోడు ఎవడో.

*

మిరుగం, అంటే మృగశిర కార్తె మొదటి రోజు, వచ్చింది. ఆ రోజు చేప ముక్క నోట్లో పెట్టని ఇల్లుండదు కాబట్టి లాగుడు వల పొద్దుగాలనే దింపిండ్రు. ముందటి పది రోజులు ఆ వల చిరుగులన్నీ కుట్టింది శివయ్యనే. కుడి చెయ్యి మెడకు వేలాడగట్టుకొని, దారం ఒక కొస పండ్లతో పట్టి, ఎడమ చేత్తో ముడులేసిండు. నీళ్లల్ల దిగలేడు కాబట్టి ఆయన జాగలో ఎల్లేష్ తాడు పట్టిండు.

"అరే రమ్మీ ఇంజనీర్, గట్టిగ గుంజు! అది మౌస్ కాదు!" అని ఒకడు అరిచిండు.

"కంట్రోల్ జెడ్ కొడ్తే తిరిగి రాదు బిడ్డా చేప!" అని ఇంకొకడు. ఆ పిల్లగాడూ ఇంజనీరింగే, కొలువు లేక చేపలకొచ్చిండు.

ఎల్లేష్ అరిచేతులు బొబ్బలెక్కినయి. మణికట్టు మండింది. గానీ పది గంటలకల్లా వల ఒడ్డుకు వచ్చి, రవ్వలు, బొచ్చెలు ఎగిరెగిరి పడుతుంటే, ఆరు నెలల తర్వాత మొదటిసారి నవ్విండు. కుప్పలు పోస్తున్నప్పుడు ఫోన్ మోగింది. రోహన్.

"ఎల్లేష్, ఎక్కడున్నావ్? అర్జెంట్. వల పాడైంది."

నువ్ పోయినంక కొత్తగా వచ్చినోడు నీ లెక్కలు సర్దిండు, వలకు నోటి దగ్గర మూడో పట్టు ఎందుకో అర్థం కాక తప్పనుకొని తీసేసిండు, అని రోహన్ గబగబ చెప్పిండు. ఇప్పుడు వల విచ్చుకుంటలేదు. మూట లెక్క నీళ్లలో పడుతున్నది. ఆడినోళ్లంతా దాన్ని వీడియోలు తీసి నవ్వుతున్నరు. "రెండు రోజులు వచ్చి సరిచేసి పో. నీకు ఇది ఇష్టమైన పని కదా."

"నా పేరు ఏస్తరా సార్?"

రోహన్ గొంతు తగ్గించిండు. "నీ ఒక్కడిది అడిగి చూస్తా. అదనపు సాయం అనే చోట. వచ్చే అప్‌డేట్‌లో పడొచ్చు."

ఎల్లేష్‌కు ఆ ఒక్క మాటనే వినపడ్డది. పడొచ్చు. పేరు పడొచ్చు. ఎదురుగా కట్ట రాయి మీద తండ్రి కూర్చొని, పంటితో దారం కొరుకుతున్నడు.

"తీసేసిన మిగతా ఇరవై ఒక్క మందివి? మా బాపుది?"

"అది కాదు ఎల్లేష్. నీది కూడా నేను పర్సనల్‌గా..."

"అందరివి ఏస్తే వస్త. లేకపోతే రాను."

"నీ కెరీర్ గురించి ఆలోచించు. ఇది చిన్న ఇండస్ట్రీ. నలుగురికీ తెలుస్తుంది."

"తెల్వాలనే అడుగుతున్న సార్! మూడేండ్లు పని జేపిచ్చుకొని, తొమ్మిది రోజుల ముందు గేటు బయటికి నూకి, పేర్లు చెరిపేసి, మళ్ల ఇష్టం అంటరా?"

కుప్పల కాడ మాటలు ఆగిపోయినయి. అప్పటికి గానీ ఎల్లేష్‌కు తాను అరుస్తున్నట్టు తెలియలేదు. శివయ్య లేచి నిలబడ్డడు.

"నిన్ను బయటికి నూకిండ్రా?"

ఎల్లేష్ తల దించుకున్నడు.

"పేరు?"

"లేదు బాపూ. నాది లేదు. నీది లేదు, నువ్ ఎంప్లాయీ కాదంట. ఇప్పుడు ఆటల వల విచ్చుకుంటలేదని నన్ను రమ్మంటున్నరు."

"ఫోన్ ఇటియ్యి."

"బాపూ, వద్దు..."

"ఇటియ్యిరా!" శివయ్య ఎడమ చేత్తో ఫోన్ గుంజుకొని చెవికి పెట్టుకున్నడు. "సారూ, నేను శివయ్యను. మీ ఆటల వల ఇసిరినోన్ని. నేను మీ ఎంప్లాయీని కాదంట గదా. మరి నాతోని సంతకం ఎందుకు పెట్టిచ్చుకున్నరు? గప్పుడు నేను ఎవన్ని?"

అవతల రోహన్ ఏదో అన్నడు. పాలసీ అన్న మాట ఒకటి బయటికి వినపడ్డది.

"నాకు గదంత తెల్వది. మా దగ్గర వల కుట్టినోడు దవాఖానల పండుకున్నా వాని పేరు పిలుస్తం. వాడు చచ్చిపోయినా, ఆ వల చిరిగేదాక వాని ఇంటికి కుప్ప పంపుతం. మీరు గంత చదువుకున్నోళ్లు. మీ వల గిప్పుడు విచ్చుకుంటలేదంటివి గదా? విచ్చుకోదు. మూట లెక్కనే పడ్తది. పడనియ్యి!"

ఫోన్ కొడుకు చేతిలో పెట్టిండు. ఎరుపు గుర్తు ఎక్కడుందో తెలియక, "దీన్ని బంద్ చెయ్యి," అన్నడు. ఎల్లేష్ బంద్ చేసిండు.

రాంచంద్ర గొంతు సవరించుకొని పుస్తకం తెరిచిండు. మొదటి పేరు, వల కుట్టినోనిది. "శివయ్య!"

"ఉన్న."

పేర్లన్నీ పిలిచిండు, కుప్పలన్నీ లేచినయి. పుస్తకం మూసెయ్యబోతుంటే శివయ్య అడ్డం పడ్డడు. "మా పోరడు?"

"పుస్తకంల పేరు లేదు గదనే," అన్నడు రాంచంద్ర. "సభ్యుడు కాదు. ఇంటికి ఒక కుప్ప నీకు వచ్చింది గదా. రూల్..."

రూల్ అన్న మాట నోట్లో నుంచి రాంగనే రాంచంద్రకే ఎట్లనో అనిపించినట్టుంది. అందరూ ఆయన దిక్కు చూస్తున్నరు.

"కుట్టిన దానికి నాకొచ్చింది," అన్నడు శివయ్య. "పొద్దుగాలికెళ్లి తాడు పట్టింది ఎవరు? నేనా? ఇప్పుడే ఫోన్ల వాన్ని అడిగినదే నిన్ను అడుగుతున్న. జవాబు చెప్పు."

"అవ్, వాడు పట్టిండు. వంకరగ పట్టిండు గానీ పట్టిండు," అన్నడు ఇందాక మౌస్ అని ఎగతాళి చేసినోడు.

రాంచంద్ర గొణుక్కుంటనే జేబులకెళ్లి పెన్ను తీసిండు. అది రాయలేదు. నాలుకకు అద్ది మళ్లీ రాసిండు. పేజీ అడుగున, గీతలు లేని జాగలో, ఒక పేరు. తన కుప్పలకెళ్లి ఒక బొచ్చెను, పక్కోని కుప్పలకెళ్లి రెండు రవ్వలను తీసి కవర్ మీద పెట్టి, గట్టిగ పిలిచిండు.

"శివయ్య కొడుకు ఎల్లేష్!"

"ఉన్న," అన్నడు ఎల్లేష్. వంగి కుప్ప ఎత్తుకున్నడు.

గంతే. ఎండిపోయిన పెన్ను ఒకటి, ఒక్క నిమిషం. దానికి వేల కోట్ల కంపెనీలకు ధైర్యం చాలలేదు.

ఇంటికి పోతుంటే చేపల సంచి ఎల్లేష్ భుజం మీద తడితడిగా కొట్టుకుంటున్నది. ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. మూల మలుపు తిరిగినంక శివయ్య అడిగిండు.

"గా పేర్లు ఎంతసేపు పడ్తయిరా?"

"ఇరవై నిమిషాలు బాపూ."

"ఇరవై నిమిషాలా!" శివయ్య ఆగిండు. "ఎవరెవరివి?"

ఎల్లేష్ చెప్పాలా వద్దా అని చూసిండు. చెప్పిండు. "అందరివి. వాళ్ల కుక్కలవి గూడ."

శివయ్య నడిరోడ్డు మీద నిలబడిపోయిండు. వెనకాల షేర్ ఆటో హారన్ కొడుతున్నా పక్కకు జరగలేదు.

"కుక్కకు జాగ దొరికింది," అన్నడు. "ఇరవై నిమిషాలల్ల."